ఎక్సోడస్: క్యాసెట్టుకు రెండు వైపులా

జమైకా గాయకుడు బాబ్ మార్లే నడిపిన రెగే సంగీత బృందం ‘బాబ్ మార్లే అండ్ ది వెయిలర్స్’ ఆల్బమ్ ‘ఎక్సోడస్’ను నేను పదిహేనేళ్లకు పైగా వింటున్నాను. మొదట చేతికొచ్చింది ఒక పాత క్యాసెట్టు. తొలి పాట ‘నేచురల్ మిస్టిక్’ ఎక్కడో దూరం నుంచి నడిచి వస్తున్నట్టు మెల్లగా మొదలవుతుందని తెలియక, టేపు అరిగిపోయిందనుకొని శబ్దం బాగా పెంచాను. కాసేపటికే బేస్ గిటార్ మోతకు అల్మారాలోని స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

1976 డిసెంబరు 3న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని మార్లే ఇంటిపై సాయుధులు కాల్పులు జరపగా, ఆయనతో పాటు భార్య రీటా, మేనేజరు డాన్ టేలర్ గాయపడ్డారు. రెండు రోజులకే ఆ గాయాలతోనే వేదికెక్కి పాడిన మార్లే, తరువాత జమైకా విడిచి లండన్ చేరి ఈ పాటలు రికార్డు చేశారు. ఆల్బమ్ 1977 జూన్‌లో వెలువడింది. ఈ నేపథ్యం తెలిశాక నన్ను కట్టిపడేసింది ఆ కోపంలోని నిగ్రహమే. ‘గిల్టీనెస్’లో పెద్ద చేపలు చిన్న చేపల్ని మింగజూస్తాయంటారు, మనం మత్స్యన్యాయమనేది అదే, కానీ తుపాకి పేల్చినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా ఎత్తరు. టైటిల్ పాట ‘ఎక్సోడస్’ (అంటే సామూహిక వలస) ఏడున్నర నిమిషాలు దాటుతుంది. అందులో కార్ల్‌టన్ బారెట్ డ్రమ్ము ప్రతి మాత్రకూ అడుగు వేస్తుంటే, వలస పోతున్న జనం మన పక్కనుంచే నడుస్తున్నట్టుంటుంది.

రెండో వైపు ప్రేమపాటలు. పోరాటం వదిలేసి మెత్తబడ్డారని నేనూ మొదట్లో అనుకున్నాను. అయితే ‘వెయిటింగ్ ఇన్ వెయిన్’లో ప్రియురాలి కోసం వేచి ఉన్నవాడి ఓపిక, మొదటి వైపు నడిచినవాళ్ల ఓపిక ఒకటేనని క్రమంగా అర్థమైంది. అందులో జూనియర్ మార్విన్ గిటార్ సోలో ఒక్క స్వరాన్నీ వృథా చేయదు. రెండు వైపులనూ కలిపి కుట్టే దారం మాత్రం ఆస్టన్ బారెట్ బేస్. ‘త్రీ లిటిల్ బర్డ్స్’ను హోటళ్లలో వినీ వినీ విసుగెత్తింది, అది పాట తప్పు కాదు.

కొత్తగా వినేవారు పాటల వరుసను మార్చవద్దు, ఫోను స్పీకరును అసలే నమ్మవద్దు. అందులో ఆస్టన్ బారెట్ ఉన్నట్టే తెలియదు.