గాజుపలకలో ఇత్తడి గంట: హోలోగ్రామ్ ప్రదర్శన తొలి సాయంత్రం

బంజారాహిల్స్‌లోని ఒక చిన్న గ్యాలరీలో ఏర్పాటైన హోలోగ్రామ్ ప్రదర్శనను ప్రారంభోత్సవం నాడే చూశాను. ఉన్నవి రెండే గదులు. మొదటి గది గోడలకు నల్లరంగు వేసి, ప్రతి గాజుపలకకూ పైనుంచి ఒక చిన్న దీపాన్ని కొలిచినట్లు ఒకే వాలులో బిగించిన తీరు చూస్తే నిర్వాహకులకు పని తెలుసని అర్థమవుతుంది. హోలోగ్రామ్ పలక మీద ఉండేది బొమ్మ కాదు, వస్తువును తాకి వచ్చిన లేజర్ కాంతి మరో లేజర్ పుంజంతో కలిసినప్పుడు ఏర్పడిన అతి సన్నని చారల అల్లిక. సరైన వాలులో దీపం పడినప్పుడే ఆ చారలు వస్తువును లోతుతో సహా కళ్లముందు నిలబెడతాయి. అందుచేత దీపం వాలు తప్పితే అక్కడ ఉత్త మసక గాజు మాత్రమే మిగులుతుంది.

ప్రదర్శన మొత్తంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఇత్తడి గంట. గంట ముందు ఒక భూతద్దాన్ని ఉంచి రెండింటినీ కలిపి పలక మీదికి ఎక్కించారు. తల కాస్త పక్కకు జరిపితే ఆ భూతద్దంలో గంట అంచున ఉన్న చెక్కడంలోని మరో పువ్వు పెద్దదై కనిపిస్తుంది. పలక వెనక్కి వెళ్లి చూస్తే అక్కడ గంటా లేదు, అద్దమూ లేదు. సోవియట్ శాస్త్రవేత్త యూరీ డెనిస్యూక్ 1962లో వెలువరించిన పద్ధతి ఇది. చూడటానికి లేజర్ అక్కరలేదు, మామూలు తెల్లని దీపం చాలు. దాని పక్కన ఉన్నవి స్టీఫెన్ బెంటన్ 1968లో కనిపెట్టిన రెయిన్‌బో రకం. వీటి ముందు వంగి లేస్తే రంగులు ఎరుపు నుంచి నీలం దాకా మారతాయి గాని బొమ్మ మారదు. బ్యాంకు కార్డు మీద మెరిసే వెండి ముక్క ఈ కుటుంబానిదే.

రెండో గది నిరాశపరిచింది. బట్టల షోరూముల్లో కనిపించే ఎల్ఈడీ ఫ్యాన్లను అక్కడ తిప్పుతూ వాటికీ హోలోగ్రామ్ అనే చీటీ తగిలించారు. వేగంగా తిరిగే దీపాల వరుస కంటికి కల్పించే భ్రమ వేరు, మొదటి గదిలోని విద్య వేరు. డబ్బు పెట్టి కొనబోయేవారికైనా ఈ తేడా చెప్పి తీరాలి. పైగా ఆ ఫ్యాన్ల రొద పక్క గది దాకా వినిపించింది.

అసలు ప్రారంభోత్సవమే ఈ కళకు సరిపడని సందర్భమేమో. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు ముగిసేదాకా ట్యూబులైట్లు వెలుగుతూనే ఉండటంతో పలకలన్నీ బోసిపోయాయి. ఆ తరువాత, ఒక్కరు సరైన చోట నిలబడితే తప్ప సరిగా కనిపించని పలక ముందు పదిమంది ఫోన్లు ఎత్తి గుమిగూడారు. ఫోనుకు దొరికేది ఒకే కోణం కనుక ఆ ఫొటోల్లో లోతు ఏమీ మిగలదు.

వెళ్లదలచినవారు పనిరోజు మధ్యాహ్నం వెళ్లి, మొదటి గదికే సమయం కేటాయించుకోవడం మంచిది. పలకలన్నీ పొడవాటి మగవారి కంటి ఎత్తున వేలాడదీశారు గనుక పిల్లలను ఎత్తుకొని చూపించక తప్పదు; పొట్టివారి కోసం నిర్వాహకులు కనీసం ఒక పీటైనా వేయాలి.