చుక్క నీళ్లు లేని చోట చుక్కల పంట

శివరాత్రి జాగరణ చేసినవాళ్లు మర్నాడు పగలంతా పడుకుంటారు. మేం నలుగురం మాత్రం చీకటి ఆకాశంలో చుక్కలు చూద్దామని 2025 శివరాత్రి మర్నాడు తెల్లవారకముందే హైదరాబాదులో కారెక్కాం. శివరాత్రి వెనకే అమావాస్య, దాని వెనకే వారాంతం. ఫిబ్రవరి చివర కాబట్టి మబ్బుల భయం తక్కువ. గండికోట, హార్స్‌లీ హిల్స్, అటునుంచి సరిహద్దు దాటి తమిళనాడులోని కావలూరు. మూడు రాత్రులు, ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ దూరదర్శిని ఒకటి, బైనాక్యులర్లు రెండు, ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైట్లు నాలుగు.

నాది పాలమూరు, ఉండేది హైదరాబాదులో. మిగతావారిలో ఒకాయనది కడప, ఒకాయనది అమలాపురం. నాలుగో మనిషి శ్రీకాకుళంలో లెక్కల టీచరు. మా అందరికంటే పెద్దావిడ కనుక అక్క. కర్నూలు దాటకముందే ఊరి గొప్పలు మొదలయ్యాయి.

"విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. అప్పటికి మీ ఊళ్లలో దూరదర్శిని అనే మాటే లేదు" అని అక్క బాణం వేసింది.

నేను ఊరుకుంటానా! హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో పెట్టిన నిజామియా వేధశాలను, అక్కడి పదిహేను అంగుళాల దూరదర్శినిని తీశాను. నగరం వెలుగు పెరిగాక రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శినితో ఇంకో వేధశాల కట్టారని, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచే చూశారని చెప్పాను. నగరం దీపాలు రంగాపూర్ దాకా కూడా వచ్చేశాయన్న సంగతి మాత్రం మింగేశాను. అక్కే గుర్తు చేసింది.

కడపాయన అంతా విని తాపీగా అన్నాడు: "మీవన్నీ గొట్టాలు. మాది ఆకాశం. మా సీమలో చుక్క నీళ్లు లేకపోవచ్చు గానీ, చుక్కలకు ఏనాడూ కరువు రాలేదు."

అమలాపురం ఆయనకు చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. "మా ఊళ్లో చుక్కలు లెక్కపెట్టాలంటే ముందు కొబ్బరికాయలు లెక్కపెట్టాలి" అని తనమీద తానే నవ్వుకున్నాడు.

దారిలో బెలుం గుహలు చూశాం. చూడదగ్గవే. కాకపోతే ప్రకృతి పుట్టించిన సిసలైన చీకటి ఉన్న చోట కూడా దీపాలు పెట్టారు. పెట్టకపోతే జనం గోతుల్లో పడతారు నిజమే. అయినా మా బాధ మాది. జమ్మలమడుగులో కారం దోశ తిన్నాం. రెండో ముక్కకే అమలాపురం ఆయన కళ్లలో నీళ్లు. "పగలే చుక్కలు చూపించారు, ఇక రాత్రితో పనేముంది, తిరిగి వెళదాం" అన్నాడు. దోశకు మాత్రం మా నలుగురి ఓటూ పడింది.

ఇక గండికోట. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న వెళ్లే లోయ కోటకు ఉత్తరాన ఉంటుంది. చుక్కల కోసం వెళ్లేవారు ఈ దిక్కు సంగతి ముందే తెలుసుకోవాలి. లోయ అంచున నిలబడితే ఎదురుగా ధ్రువుడు, క్షితిజానికి పదిహేను డిగ్రీల ఎత్తులో. కెమెరా గంటల తరబడి తెరిచి ధ్రువుడి చుట్టూ చుక్కల గీతలు తీసేవారికి అంతకంటే మంచి చోటు నేను చూడలేదు. దక్షిణపు చుక్కలు కావాలంటే మాత్రం లోయకు వీపు చూపించాలి. ఆగ్నేయాన ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు ఆకాశం అడుగున పసుపు వెలుగు ఉంటుంది. నెత్తి మీద మాత్రం కాటుక నలుపు.

మేం బస మాట్లాడుకున్నది గుడారాల్లో. గుడారానికి 1,200, రెండు తీసుకున్నాం. "చీకటిగా ఉంటుందా?" అని ఫోనులో మూడుసార్లు అడిగాను. "ఆకాశం మొత్తం మీదే సార్" అన్నాడు నిర్వాహకుడు. వెళ్లి చూస్తే పెళ్లిపందిరికి కట్టినట్లు రంగు బల్బుల తోరణాలు, మధ్యలో నెగడు, పక్క గుడారాలవారి స్పీకర్లో పాటలు. పడమట శుక్రుడు ఒక్కడే ఆ వెలుగుకు లొంగకుండా మెరుస్తున్నాడు. అగస్త్య నక్షత్రం రాత్రి ఎనిమిదికి దక్షిణాన బాగా పైకి వచ్చే రోజులవి. తోరణం చాటున దాన్ని వెతుక్కోవలసి వచ్చింది. బల్బులు ఆపమంటే, "చీకట్లో జనం భయపడతారు సార్" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది. పరుపులు శుభ్రంగా ఉన్నాయి, మరుగుదొడ్డిలో నీళ్లు వచ్చాయి. స్నేహితులతో ఆటపాటలకు వెళ్లేవారికి ఆ బస చాలు. మేం కొనడానికి వెళ్లిన సరుకు చీకటి. అది అక్కడ లేదు.

కడపాయన ముఖం చిన్నబోయింది. సొంత జిల్లాలో పరువు పోయిందన్న బాధ. అక్క ఆ సందు వదల్లేదు: "చుక్కలకు కరువు లేదన్నావు కదా తమ్ముడూ, చీకటికి వచ్చిందా?"

మమ్మల్ని ఆదుకున్నది రాగి సంగటి వండిపెట్టిన పెద్దమ్మ. కోటలోని ఊళ్లోనే ఆమె ఇల్లు. మా గొడవ విని, "కరెంటు ఉండగా చీకటి కోసం ఇంత దూరం వచ్చారా?" అని నవ్వి, తన మిద్దె మీదికి వెళ్లమంది. వీధి అరుగు మీది బల్బు తనే ఆపింది. ఎదురింటి కోడలిని కేకేసి వాళ్లదీ ఆపించింది. ఈ మూడు రోజుల్లో నేను చూసిన అతిథి మర్యాదలన్నిటిలో ఆ రెండు బల్బులు ఆరడమే గొప్పది.

మిద్దె మీద రాత్రి ఒంటి గంట. ఉత్తరాన సప్తర్షి మండలం బాగా పైకి లేచి ఉంది. పెద్దమ్మ కొంగు కప్పుకుని పైకి వచ్చి, దాన్ని ముసలమ్మ మంచం అంది. నాలుగు చుక్కలు మంచం కోళ్లట, వెనక తోకలోని మూడూ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలట. ఆ మాటతో మాలో కొత్త తగువు పుట్టింది. మా పాలమూరులో ముసలమ్మ కాదు, పేదరాలు అన్నాను. అమలాపురం ఆయన తన అమ్మమ్మ దొంగల సంగతే చెప్పలేదన్నాడు. "మీ ఊళ్లో దొంగలు లేక కాదు, చెట్ల చాటున కనిపించక" అన్నాడు కడపాయన. అందరూ నిద్రపోతున్న ఊరని మరచి నవ్వాం.

రెండు గంటలకు దక్షిణాన, శిలువ ఆకారపు చుక్కల గుంపు త్రిశంకు నిటారుగా నిలబడింది. దక్షిణానికి ఒక డిగ్రీ దిగితే దక్షిణపు చుక్క ఒక డిగ్రీ పైకి లేస్తుంది. లెక్కల టీచరు కదా, అక్క వెంటనే కట్టేసింది: శ్రీకాకుళం నుంచి గండికోటకు మూడున్నర డిగ్రీలు. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు. త్రిశంకు అడుగు చుక్క ఇక్కడ పిడికిలి మీద ఇంకో వేలు ఎత్తున ఉంది. "మా ఊళ్లో ఇది పొగమంచులో మునిగి ఉంటుంది" అని ఒప్పుకుంది. కడపాయన ఆ ఒప్పుకోలును ఫోనులో రికార్డు చేస్తానన్నాడు.

మూడింటికి ఒమేగా సెంటారీ గోళాకార గుచ్ఛం, అంటే బంతిలా గుమిగూడిన చుక్కల గుంపు. ఉత్త కంటికి మసక చుక్క. డాబ్సోనియన్‌లో మాత్రం నల్ల గచ్చు మీద ముగ్గు పిండి ఒలికినట్లు వేల నక్షత్రాలు. పెద్దమ్మను చూడమంటే చాలాసేపు చూసి, ఇదంతా ఎవరు ఒలకబోశారని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. నాలుగున్నరకు ఆగ్నేయాన వృశ్చికం తోక పక్కనుంచి పాలపుంత లేచింది, ఎర్రగుంట్ల వెలుగును కూడా దాటుకుని. మిద్దెకు డబ్బు తీసుకోలేదు. సంగటి ఖాతాలో వేసి ఐదువందలు ఇచ్చి వచ్చాం.

హార్స్‌లీ హిల్స్ గురించి పెద్దగా రాయను. పులివెందుల, కదిరి మీదుగా నాలుగు గంటలకు పైగా పట్టింది. కొండ 1,260 మీటర్ల పైమాటే; అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. గది బాగుంది, వేడినీళ్లు బాగున్నాయి, భోజనం ఓ మోస్తరు. ఎత్తు ఎక్కువైతే చుక్కలూ ఎక్కువే అనుకుని వెళ్లినవారు మోసపోతారు. నీలగిరి చెట్లు నాలుగు దిక్కులా అడ్డం, కింద మదనపల్లె దీపాలు, చెట్లు లేని చోట పెద్ద స్తంభం దీపం. అర్ధరాత్రికి దూరదర్శిని అద్దం మీద మంచు పట్టింది. అమలాపురం ఆయన మాత్రం సంతోషించాడు: "ఇదీ మా ఊరే, కొబ్బరికి బదులు నీలగిరి." గురుడి నాలుగు చందమామలను చూసుకుని పడుకున్నాం. శివరాత్రి నుంచి బాకీపడిన నిద్ర ఆ కొండ మీద తీరింది. విశ్రాంతికి వెళ్లండి, చుక్కలకు వద్దు.

శనివారం మధ్యాహ్నానికి కావలూరు. జవ్వాది కొండల్లో వైను బప్పు వేధశాల. చుట్టుపక్కల తినడానికి పెద్దగా దొరకదు. పలమనేరులో కట్టించుకున్న పులిహోర పొట్లాలే గతి అయ్యాయి. 2.34 మీటర్ల అద్దమున్న దూరదర్శిని గోపురం కింద నిలబడితే గుడి గోపురం కింద నిలబడినట్లే మెడ నొప్పి పుట్టింది. ఖగోళ శాస్త్రవేత్త బప్పు 1982లో పోయారు. 1986లో ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు. ఆయన హైదరాబాదులో పెరిగినవారని, తండ్రి నిజామియా వేధశాలలోనే పనిచేశారని నేను అందుకోబోయేలోగా అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "తెలుసు. మీ దీపాలు పడలేక ఇక్కడికి వచ్చి ఉంటారు."

రాత్రి బస వాణియంబాడిలో. దిగేసరికి సూర్యాస్తమయం. ఊరి మిద్దెలన్నిటి మీదా మనుషులు, అందరి ముఖాలూ పడమటికే. రంజాన్ నెలవంక కోసం. లాడ్జి మిద్దె మీద ఒక తాతగారు, ఇద్దరు మనవలు. శుక్రుణ్ని గుర్తుపట్టి అక్కడినుంచి కిందికి, కొద్దిగా ఎడమకు చూడమని నాకు వచ్చిన ఉర్దూలో చెప్పాను. చిన్నవాడికి బైనాక్యులర్ ఇచ్చాం. వాడు ఒక్క అరుపు అరిచాడు. పక్క మిద్దెలవారు మావైపు తిరిగారు.

తాతగారు నెలవంక చూసి దువా చేసుకుని, మమ్మల్ని మీది ఏ ఊరని అడిగారు. నలుగురం నాలుగు పేర్లు ఒకేసారి చెప్పాం.