రెండు అంగుళాల మంచుకు ఏది మేలు: ప్లోలు కొనడమా, ముందురోజే మూసేయడమా?

జనవరి వస్తే చాలు, ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచీ వస్తుంది. "రెండంగుళాల మంచుకే స్కూళ్లూ ఆఫీసులూ మూసేశారట కదా, అంత డబ్బున్న దేశం ఆ మంచు తీసే బండ్లేవో కొనుక్కోలేదా?" అని ఇండియా నుంచి చుట్టాలు అడుగుతారు. షికాగో నుంచో న్యూజెర్సీ నుంచో అట్లాంటాకి కొత్తగా మారిన మనవాళ్లు ఇంకాస్త గట్టిగా అడుగుతారు. "అక్కడ అడుగు మంచు పడినా పొద్దున్నే స్కూల్ బస్సు వచ్చేదండీ. ఇక్కడా ట్యాక్సులు కడుతున్నాం కదా!" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మంచు ఎప్పుడో గానీ పడని ఊరి ముందు ఉన్న దారులు ఇవి. అమెరికా ఉత్తరాది ఊళ్లలాగా సొంత ప్లోలు (బ్లేడుతో మంచును నెట్టే బండ్లు), మంచు కరిగించే ఉప్పుకు గోదాములు పెట్టుకోవడం. ఉన్న టిప్పర్లకే సామాను బిగించి ముఖ్యమైన రోడ్ల మీద ఉప్పునీరు చల్లడం. కాంట్రాక్టర్లకు అప్పజెప్పడం. పక్క రాష్ట్రాల సాయం అడగడం. లేదా మంచు పడకముందే ఊరిని మూసేయడం.

ముందు కొనడం సంగతి. అట్లాంటాలో ఏడాదికి సగటున పడేది రెండంగుళాల చిల్లర. వరసగా కొన్నేళ్లు ఏమీ పడకపోవచ్చు, ఒక ఏడు రెండుసార్లు పడొచ్చు. ఉత్తరాదిలోని మినియాపొలిస్‌లో ఆ సగటు 50 అంగుళాలు దాటుతుంది. ప్లో బిగించిన పెద్ద ట్రక్కు ధర మాత్రం రెండు ఊళ్లలోనూ ఒకటే. అంటే తీసే ప్రతి అంగుళం మంచుకీ మనకు పడే ఖర్చు వాళ్లకన్నా పాతిక రెట్లు దాకా ఎక్కువ. పైగా ట్రక్కుతో ఖర్చు అయిపోదు. ఉప్పు నిల్వకు కప్పున్న షెడ్డు కావాలి, ఇక్కడి గాలిలో తేమకు అది గడ్డలు కడుతుంది. ఉప్పు చల్లే యంత్రాలు, అంటే స్ప్రెడర్లు, తుప్పు పడతాయి. వాడకుండా పడి ఉన్న హైడ్రాలిక్ గొట్టాలు సరిగ్గా అవసరమైన రాత్రే కారడం మొదలుపెడతాయి. వీటన్నిటికన్నా పెద్ద లోటు డ్రైవర్లది. ఉత్తరాదిలోని బఫెలోలో ప్లో నడిపేవాడికి ఒక్క చలికాలంలో వచ్చే అనుభవం ఇక్కడివాడికి ఉద్యోగకాలం మొత్తం మీద కూడా రాదు.

ఇంత చేసినా మన మంచుకు ప్లో సగమే పనికొస్తుంది. ఉత్తరాదిలో పొడి మంచు మందంగా పడుతుంది, బ్లేడుతో నెట్టేస్తే రోడ్డు బయటపడుతుంది. ఇక్కడ పడేది పలుచటి పొర. దాని మీద కార్లు వెళ్తే టైర్ల ఒత్తిడికి, వేడికి మంచు కాస్త కరుగుతుంది. అడుగున రోడ్డు గడ్డకట్టే చలిలో ఉంటుంది కాబట్టి ఆ తడి నిమిషాల్లో గాజుపలకలా బిగుసుకుంటుంది. రోడ్డుకు అతుక్కున్న ఆ ఐస్‌ను బ్లేడు గీకలేదు. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండి కొనుక్కుని ధీమాగా ఉండేవాళ్లకు కూడా ఇదే చెబుతాను: ఆ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, ఐస్ మీద ఆపలేదు.

కొనడమే మందు కాదని నేను నమ్మడానికి అట్లాంటా చరిత్రే కారణం. 2011 జనవరిలో మంచు, దాని మీద ఐస్ పడి ఊరు దాదాపు వారం రోజులు స్తంభించింది. అప్పట్లో నగరం దగ్గరున్న మంచు యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. గొడవ పెద్దదయింది, తర్వాత నగరం స్ప్రెడర్లు, ప్లోలు డజన్ల కొద్దీ సమకూర్చుకుంది. సరిగ్గా మూడేళ్లకు, 2014 జనవరి 28న, మళ్లీ పరీక్ష వచ్చింది. ఈసారి పడింది రెండున్నర అంగుళాలే.

ఆ రోజు పొద్దున స్కూళ్లు మామూలుగానే తెరిచారు. మధ్యాహ్నానికి మంచు పట్టుకుంది. స్కూళ్లు, ప్రభుత్వ ఆఫీసులు, కంపెనీలు దాదాపు ఒకే సమయంలో అందరినీ ఇళ్లకు పంపేశాయి. సాయంత్రం మూడు నాలుగు గంటల్లో మెల్లిగా సర్దుకునే ట్రాఫిక్ అంతా ఒకేసారి రోడ్డెక్కింది. కొన్న స్ప్రెడర్లు కూడా అదే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి. ఉప్పు చల్లాల్సిన చోటికి ఉప్పు బండే వెళ్లలేకపోయింది. ఊళ్లో పనిలేని భారీ ట్రక్కులన్నీ నగరం చుట్టూ తిరిగే 285 మీదుగానే వెళ్లాలి కాబట్టి, ఆ రింగు రోడ్డు మీద ఒక ట్రక్కు అడ్డం తిరిగితే వెనక మైళ్ల కొద్దీ అంతా ఆగిపోయింది. వేలమంది పిల్లలు ఆ రాత్రి స్కూళ్లలోనే పడుకున్నారు, కొందరు బస్సుల్లో ఉండిపోయారు. రాష్ట్రంలో వెయ్యికి పైగా ప్రమాదాలు జరిగాయి. 285 మీదే ఒక తల్లి బిడ్డను కన్నది. మర్నాడు పిల్లల్ని ఇళ్లకు చేర్చడానికి నేషనల్ గార్డును దింపారు.

ఇది ఊహించని మంచు అని జార్జియా గవర్నర్ నాథన్ డీల్ మొదట్లో అన్నారు. వాతావరణ నిపుణులు ఒప్పుకోలేదు. తెల్లవారకముందే అట్లాంటాకు హెచ్చరిక స్థాయి పెంచారు. అంతకుముందు ఏడు అమెరికన్ మెటియొరలాజికల్ సొసైటీకి అధ్యక్షుడిగా పనిచేసిన జార్జియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్షల్ షెపర్డ్, అంచనాలో లోపం లేదని గట్టిగానే చెప్పారు. రెండు వారాలకే, ఫిబ్రవరిలో ఇంకో తుపాను, ఈసారి ఎక్కువగా ఐస్, ముంచుకొచ్చింది. అవే యంత్రాలు, అదే ప్రభుత్వం. తేడా ఒక్కటే, ఈసారి ముందే అత్యవసర పరిస్థితి ప్రకటించి స్కూళ్లు మూసేశారు. రోడ్లు ఖాళీగా ఉన్నాయి. కరెంటు పోయి కష్టాలు పడ్డారు గానీ రోడ్ల మీద రాత్రంతా ఇరుక్కుపోయినవాళ్లు లేరు. రెండు వారాల్లో కొత్తగా కొన్న యంత్రాల వల్ల వచ్చిన మార్పు కాదు కదా ఇది.

అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది స్కూలు. ప్లో, ఉప్పు, బడ్జెట్ అన్నీ ఆ తర్వాతే. స్కూలు తెరిచి ఉంటే అమ్మానాన్నలు ఆఫీసుకు వెళ్తారు. మధ్యాహ్నం స్కూలు వదిలేస్తున్నామని మెసేజ్ వస్తే ఊళ్లో ప్రతి ఆఫీసు నుంచీ వాళ్లందరూ ఒకేసారి లేస్తారు. పిల్లాడు బస్‌స్టాప్‌లో ఒంటరిగా నిలబడతాడంటే ఎవరు కూర్చుంటారు? గవర్నర్ వద్దన్నా ఆగరు. కాబట్టి ముందురోజు సాయంత్రం స్కూళ్లు మూస్తున్నామని ప్రకటిస్తే సగం ట్రాఫిక్ పుట్టదు. తుపాను దూరంగా ఉన్నప్పుడే కలెక్టరు సెలవు ప్రకటించడం కోస్తా జిల్లాల వాళ్లకు కొత్త కాదు. అక్కడ జిల్లా అంతటికీ ఆ ఒక్క మాట చాలు. అట్లాంటా చుట్టూ ఉన్న కౌంటీల్లో ఎవరి స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లదే, ఎవరి సూపరింటెండెంట్ వాళ్లకే. 2014 తర్వాత గవర్నర్ టాస్క్‌ఫోర్స్ వేసి, వాతావరణ నిపుణుల్ని కూర్చోబెట్టి సరిచేయడానికి చూసింది ఈ సమన్వయాన్నే.

ఫలితం 2025 జనవరి 10న కనబడింది. అట్లాంటాలో రెండంగుళాల పైచిలుకు మంచు పడింది, 2014కు దాదాపు సమానమే. ముందురోజే గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు, స్కూళ్ల మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముందుగానే రోడ్ల మీద ఉప్పునీరు చల్లారు. శుక్రవారం పొద్దున మా వీధి చివర పెద్ద రోడ్డు మీద ఒక్క కారు లేదు. కోవిడ్ తర్వాత ఇంటి నుంచి పని అలవాటైంది కాబట్టి ఆ రెండు రోజుల్నీ పూర్తిగా ఒకే తక్కెడలో పెట్టలేం, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రధానమైన తేడా ముందే మూయడమే.

ఇక ఉప్పునీరు. మంచు సూచన రాగానే హైవే మీద దువ్వెనతో గీసినట్టు పొడవునా తెల్లటి చారలు కనిపిస్తాయి. ట్రక్కు వెనక గొట్టానికున్న రంధ్రాల్లోంచి పడి ఎండిన ఉప్పునీరు అది. నీటిలో ఉప్పు పాళ్లు 23 శాతం దగ్గర ఉంటుంది, ఎందుకంటే అక్కడే అది అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత దాకా గడ్డకట్టకుండా నిలుస్తుంది. మంచు రోడ్డుకు అతుక్కోకుండా ఆపడం దీని పని. ఖర్చు తక్కువ, వేసవిలో మట్టి మోసే టిప్పర్‌నే చలికాలంలో వాడుకోవచ్చు. ఏదైనా కొనాల్సి వస్తే నేను డబ్బు పెట్టేది ఇక్కడే: టిప్పర్లకు తగిలించి తీసేసే ట్యాంకులు, స్ప్రెడర్లు. వంతెనలు, ఫ్లైఓవర్లు, ఆసుపత్రులకు వెళ్లే రోడ్లు చూసుకుంటే చాలు, కాలనీల లోపలికి రానక్కర్లేదు. వంతెనలు ముందు ఎందుకంటే కింద నేల వెచ్చదనం లేక అవే మొదట గడ్డకడతాయి.

దీనికీ హద్దులున్నాయి. దక్షిణాదిలో మంచు చాలాసార్లు వానగా మొదలవుతుంది, చల్లిందంతా కొట్టుకుపోతుంది. 2022 జనవరి 3న వర్జీనియాలో వాన ముందొస్తుందని రోడ్డుకు ఏమీ చల్లలేదు. తర్వాత మంచు పట్టుకుని ఐ-95 హైవే మీద జనం రోజంతా ఇరుక్కుపోయారు. సెనేటర్ టిమ్ కేన్ 27 గంటలు కారులోనే ఉన్నారు. చలి మరీ ముదిరి 15 ఫారెన్‌హీట్ (సుమారు మైనస్ 9 సెల్సియస్) కిందికి పోతే మామూలు ఉప్పు కూడా దాదాపు పనిచేయదు.

కాంట్రాక్టర్ల మాట క్లుప్తంగా. ఒకే రాత్రి అన్ని ఊళ్లూ అదే కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తాయి. స్టాండ్‌బై రుసుము, అంటే సిద్ధంగా ఉన్నందుకు ఇచ్చే డబ్బు, ముందే కట్టిన ఊరికి వస్తాడు, కట్టనివాళ్లకు రాడు. పని ఎవరు చేసినా రోడ్డు తడిసిందో లేదో కనిపెట్టే కన్ను ఉండాలి. 2021 ఫిబ్రవరి 11న టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ప్రైవేటు సంస్థ నడిపే టోల్ లేన్లలో సుమారు 130 వాహనాలు ఒకదానికొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. ఉప్పునీరు రెండు రోజుల ముందే చల్లారు. ఆ పొద్దున ఎత్తయిన భాగం గడ్డకట్టిందని పసిగట్టలేకపోయారు.

పక్క రాష్ట్రాల సాయానికి చట్టబద్ధమైన ఒప్పందం ఉంది. అయితే మనకొచ్చిన తుపానే పక్కవాళ్లకూ వస్తుంది. ఫెడరల్ డబ్బు కావాలంటే రికార్డు స్థాయిలోనో దానికి దగ్గరగానో మంచు పడాలి, అట్లాంటా రెండంగుళాలు ఏ రికార్డుకూ చాలవు. దాని మీద ఆశ పెట్టుకుని బడ్జెట్ వేయకూడదు.

ఊరిని బట్టి జవాబు మారుతుంది. న్యూ ఆర్లీన్స్‌లో 2025 జనవరి 21న ఎనిమిది అంగుళాలు పడింది, అంతకుముందు చెప్పుకోదగ్గ మంచు 1963 డిసెంబరు 31ది, నాలుగున్నర అంగుళాలు. అలాంటిచోట ప్లో కొనడం అనవసరం. వాళ్లు స్కూళ్లూ, ఐ-10 హైవే కూడా మూసేశారు, సరైన పనే. నార్త్ కరోలినాలోని రాలీ, షార్లెట్ లాంటిచోట్ల కొంచెం తరచుగా పడుతుంది కాబట్టి సొంత యంత్రాలకు న్యాయం జరుగుతుంది. అయినా 2005 జనవరి 19న రాలీలో అంగుళం మంచుకే అందరూ ఒకేసారి రోడ్డెక్కి, పిల్లలు స్కూళ్లలో రాత్రి గడిపారు. అట్లాంటా, డల్లస్ నడిమధ్యలో ఉన్నాయి: ముందే మూయాలి, ముఖ్యమైన రోడ్లకు ఉప్పునీరు చల్లాలి.

మూసేయమనేవాళ్లు ఒకటి మరిచిపోకూడదు. జనాన్ని ఇంట్లో ఉండమన్నప్పుడు ఇంట్లో కరెంటు ఉండాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో రోడ్లు ఖాళీగా ఉన్నాయి, ఇళ్లు చీకట్లో గడ్డకట్టాయి. 45 లక్షలకు పైగా ఇళ్లకు, ఆఫీసులకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలోనే 246 మంది చనిపోయారు. చలికి తట్టుకునేలా విద్యుత్ ప్లాంట్లను సిద్ధం చేయాలని చట్టం ఆ తర్వాతే వచ్చింది. చెట్టు కొమ్మలు కొట్టించి తీగలు కాపాడటం మీద పెట్టే డాలరు, ప్లో మీద పెట్టే డాలరుకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

రెండోది, మూసేసిన రోజు ఖర్చు నగరం బడ్జెట్‌లో కనబడదు, కానీ ఎవరో ఒకరు కడతారు. లాప్‌టాప్ తెరిచి జీతం తీసుకునే మనకు అది ఒక వేడివేడి పకోడీల రోజు. గ్యాస్ స్టేషన్‌లో, ఇండియన్ గ్రోసరీలో, రెస్టారెంట్ వంటింట్లో గంటల లెక్కన పనిచేసేవాళ్లకు ఆ రోజు కూలి పోయినట్టే. మంచు పడుతుందన్నారు, పడలేదు అనే రోజులూ వస్తాయి, అప్పుడు ఆ కూలి ఉత్తపుణ్యాన పోతుంది. స్కూలు భోజనమే ఆధారమైన పిల్లలు కూడా మా కౌంటీలో ఉన్నారు. ప్లోలు కొనక మిగిలిన డబ్బులో కొంత స్కూల్ బస్సు డ్రైవర్లకు, క్యాంటీన్ పనివాళ్లకు మూసిన రోజు జీతంగా, ముందురోజు సాయంత్రం పంచే భోజనం ప్యాకెట్లకు పక్కన పెట్టాలని నా అభిప్రాయం.

ఇక్కడ నగరానికీ, రాష్ట్రానికీ కొత్త ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. అంటే నగరం బడ్జెట్ మీద అభిప్రాయాలు చెప్పుకునే సమావేశాలు ఎండలు ముదిరాక జరుగుతాయి, మంచు ఎవరికీ గుర్తుండదు. అప్పుడు వెళ్లి అడగండి: ఎన్ని టిప్పర్లకు ఉప్పునీటి ట్యాంకు బిగించగలరు, ఏ వంతెనలు ముందు, స్కూళ్లు మూయాలనే నిర్ణయం ఎన్ని గంటలకు, ఎవరు తీసుకుంటారు, ఆ రోజు గంటల లెక్క పనివాళ్లకు జీతం ఏ పద్దు కింద వస్తుంది.