జో లాలా: కాంగాలా, కెమెరానా?

ఫ్లోరిడాలోని టాంపాలో పుట్టిన జో లాలా రెండు పనులు చేశారు: కాంగాలు, అంటే చేతులతో వాయించే పొడవాటి డ్రమ్ములు వాయించారు, కెమెరా ముందు నటించారు. నా ఓటు కాంగాలకే. బ్లూస్ ఇమేజ్ బ్యాండ్ పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. 1970లో వాళ్ల పాట అమెరికా చార్టులో 4వ స్థానానికి ఎక్కింది. తర్వాత అమెరికన్ రాక్ గాయకుడు స్టీఫెన్ స్టిల్స్ బ్యాండ్ మనాసస్‌లో వాయించారు. కాంగా మీద అరచేయి మొత్తం ఆనిస్తే ఒక శబ్దం, వేళ్ల కొసలు తాకిస్తే ఇంకొకటి. మణికట్టు సాయం లేకుండా అవేవీ పలకవు. ఆయన మణికట్టుకే కార్పల్ టనెల్ వచ్చింది. నరం నొక్కుకుపోయి వేళ్లు మొద్దుబారే జబ్బది. తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

నటన ఆ చేతులకు విశ్రాంతినిచ్చింది. టీవీలో పాత్రలు, యానిమేషన్ పాత్రలకు గొంతు. అక్కడా మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ అందుకోవాలో తెలియాలి. తాళం తెలిసినవాడికి అది కొత్తేమీ కాదు. 2014లో చనిపోయేనాటికి రెండు రంగాల్లోనూ ఆయన పేరుంది.