ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ: కార్డు కొనేముందు స్లాట్ చూసుకోండి

ఏఎమ్‌డీ 2022 జనవరిలో 199 డాలర్లకు వదిలిన గ్రాఫిక్స్ కార్డు ఇది. 4 జీబీ మెమరీ. పాత పీసీకి కొత్త ఊపిరి పోద్దామనుకునేవాళ్లకే ఎక్కువగా అంటగడుతుంటారు. నిజానికి ఇది సరిగ్గా పనిచేయనిది కూడా ఆ పాత పీసీల్లోనే.

కార్డు అంచు చూస్తే పూర్తి 16 లేన్ల (డేటా నడిచే దారుల) పొడవు ఉంటుంది. డేటా నడిచేది మాత్రం 4 లేన్లలోనే. కార్డును మదర్‌బోర్డుకు కలిపే స్లాట్ పేరు పీసీఐఈ, పక్కనున్న అంకె దాని తరం. పీసీఐఈ 4.0లో ఒక్కో లేన్ సెకనుకు దాదాపు 2 జీబీ మోస్తుంది కాబట్టి మొత్తం 8 జీబీ. 3.0 స్లాట్‌లో పెడితే అది 4కి, 2.0లో అయితే 2కి పడిపోతుంది. 16 లేన్లూ వాడే జీటీఎక్స్ 1650 లాంటి కార్డుకు 3.0లోనే దాదాపు 16 జీబీ అందుతుంది, అందుకే దానికి ఈ బాధ లేదు.

గేమ్ 4 జీబీలో సర్దుకున్నంతసేపూ పెద్దగా తేడా తెలియదు. టెక్స్‌చర్స్ (గేమ్‌లో వస్తువుల మీద పరిచే బొమ్మలు) హైలో పెట్టి మెమరీ నిండిందా, మిగతాది ర్యామ్‌లోకి పోతుంది. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ దాన్ని ఆ 4 లేన్లలోంచే లాక్కురావాలి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) బాగానే కనిపిస్తూ, ఆట మాత్రం ఆగి ఆగి నడిచేది ఇందుకే. 3.0లో వాడక తప్పకపోతే ముందు తగ్గించాల్సింది రిజల్యూషన్ కాదు, టెక్స్‌చర్స్.

బీ450, హెచ్410 మదర్‌బోర్డుల్లో 3.0 దగ్గరే ఆగిపోతారు. బీ550 ఉంది కదా అని ధీమా పడొద్దు: అందులో రైజెన్ 5 5600జీ ఉంటే ఆ ప్రాసెసర్ ఇచ్చేది 3.0 మాత్రమే. హెచ్510లో ఇంటెల్ 11వ తరం చిప్ ఉంటే 4.0, 10వ తరం ఉంటే 3.0. బీ450లో కింది పొడవాటి స్లాట్‌లో పెట్టడం ఇంకా ఘోరం, అది చిప్‌సెట్ నుంచి వచ్చే 2.0.

అనుమానముంటే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ వరస చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తే కంగారొద్దు, కరెంటు ఆదా కోసం దిగుతుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే అసలు వేగం వస్తుంది. అన్నీ 4.0వే అయినా 3.0 అనే చూపిస్తే బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్ ఉండే చోట) స్లాట్ సెట్టింగ్ జెన్3 మీద ఉందేమో చూసి, ఆటోకి మార్చండి.

స్ట్రీమింగ్ చేసేవాళ్లు దీని జోలికి పోవద్దు. వీడియోను కుదించి పంపే హెచ్.264, హెచ్.265 ఎన్‌కోడర్ లేదు, ఏవీ1 రకం వీడియోలను చూపించే డీకోడింగూ లేదు. మానిటర్లు రెండే.

3.0 బోర్డే ఉందంటే ఇంకాస్త పెట్టి ఆర్‌ఎక్స్ 6600 తీసుకోండి. 8 లేన్లు, 8 జీబీ మెమరీ, కాబట్టి 3.0లోనూ 8 జీబీ వేగం దక్కుతుంది. కాకపోతే 6500 ఎక్స్‌టీకి సాధారణంగా 6 పిన్‌లు చాలు, దీనికి 8 పిన్‌ల పవర్ కేబుల్ కావాలి. మీ ఎస్‌ఎంపీఎస్‌లో (పవర్ సప్లైలో) అది ఉందో లేదో ముందే చూసుకోండి.