చెల్లె కేసు కోసం వెళ్లిన నల్లగొండ వకీళ్ల ఆఫీసు: మా అనుభవం

నల్లగొండలో క్రిమినల్, ఫ్యామిలీ కేసులు చూసే వకీలు కోసం వెతుకుతున్నవాళ్లకు ఈ ఆఫీసు గురించి గట్టిగా చెప్పాలని రాస్తున్నాను. ఫీజు మాట రాకముందే మన కేసులో ఎక్కడ బలముందో, ఎక్కడ నిలబడదో మొహం మీదే చెప్పేస్తారు. ఆ టైంలో వినడం కష్టమే, కానీ కోర్టుకెక్కిన కుటుంబానికి అంతకంటే కావాల్సింది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

మాది నకిరేకల్ దగ్గర ఊరు, చెల్లెను దేవరకొండ వైపు ఇచ్చాం. కట్నం తక్కువైందని మొదలైన గొడవ కొట్టేదాకా పోయింది, పెద్దమనుషుల్లో ఎన్ని పంచాయితీలు పెట్టినా అక్కడ సరేనంటారు, ఇంటికి పోగానే మళ్లీ అదే. చివరికి నాలుగేళ్ల కొడుకును తీసుకొని మా ఇంటికి వచ్చేసింది. ముందు వేరే వకీలు దగ్గరికి పోయాం. ఆయన కాగితాలు చూడకుండానే వారంలో అందరినీ లోపలేయిస్తానన్నాడు, సెటిల్‌మెంట్ అయితే వచ్చే డబ్బులో వాటా కూడా అడిగాడు. అట్లా వాటా మాట్లాడుకోవడానికి వకీళ్లకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ ఒప్పుకోవని ఈ ఆఫీసులో ఫ్యామిలీ కేసులు చూసే వకీలు మేడం చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మొదటిరోజు మేడం చెల్లె ఒక్కదాన్నే కూర్చోబెట్టుకొని మాట్లాడారు, మా అమ్మను కూడా బయటే ఉండమన్నారు. అమ్మకు కోపమొచ్చింది, కానీ మా ముందు నోరు విప్పని మాటలు చెల్లె అక్కడ చెప్పింది. తర్వాత మేం రాసుకెళ్లిన ఫిర్యాదు చదివి, సూర్యాపేటలో కాపురముంటున్న ఆడబిడ్డ పేరు, ఆమె భర్త పేరు ఇందులో ఎందుకున్నాయని అడిగారు. "వాళ్లు ఎప్పుడు ఏం చేశారో చెప్పు బిడ్డా, చెప్పేది లేకపోతే తీసేద్దాం" అన్నారు. అందరి పేర్లుంటేనే దారికొస్తారని మా బాబాయి చాలాసేపు వాదించాడు. మేడం ఓపికగా చెప్పారు: 2024 డిసెంబరులో మన తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో, ఎవరు ఏం చేశారో లేకుండా ఇంటిల్లిపాది పేర్లు రాయడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది, అట్లా రాస్తే అసలు కొట్టినవాడి మీదున్న కేసు కూడా బలహీనపడుతుంది. ఆ పేర్లు తీసేసి భర్త మీద, అత్త మీద మాత్రం తేదీలతో, ఆస్పత్రి చీటీలతో మళ్లీ రాయించారు. భార్యను వేధించే భర్త, అత్తింటివాళ్ల మీద పెట్టే, అందరూ 498ఏ అనే సెక్షన్ 2024 జులై 1 నుంచి, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85 అయిందని, మూడేళ్లలోపు శిక్షే కాబట్టి పోలీసులు మామూలుగా నోటీసు ఇచ్చి పిలుస్తారని, వారంలో జైలు అనే ఆశ పెట్టుకోవద్దని కూడా అప్పుడే చెప్పారు.

మాకు అసలు అవసరం జైలు కాదు, పిల్లాడి ఖర్చు. దానికి గృహహింస చట్టం కింద పిటిషన్ వేశారు. వాయిదా వాయిదాకు దేవరకొండ పోవాలేమోనని భయపడ్డాం, చెల్లె ఇప్పుడు ఉంటున్న చోటి కోర్టులోనే వేయొచ్చని చెప్పాక సగం టెన్షన్ తగ్గింది. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్న బావ, కోర్టుకిచ్చిన జవాబులో (కౌంటర్‌లో) మాత్రం పనే లేదని రాశాడు. 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయం వివరాలతో అఫిడవిట్ ఇవ్వాల్సిందేనని మేడం పట్టుబట్టారు, జీతం పడే బ్యాంకు ఖాతా వివరాలు తెప్పించమని పిటిషన్ వేశారు. కేసు తేలేదాకా ఖర్చులకు ఇచ్చే మధ్యంతర భరణం ఆర్డర్ వచ్చింది, అదీ పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క. ఈ పిటిషన్లు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది కానీ దాన్ని నమ్ముకొని అప్పులు చేయొద్దని ముందే హెచ్చరించారు, నిజంగానే అంతకంటే చాలా ఎక్కువ పట్టింది.

క్రిమినల్ పని ఇంకో సార్ చూస్తారు. మా చిన్నమ్మ కొడుకు ఊళ్లో పొలం గట్టు కొట్లాటలో ఇరుక్కుంటే, పోలీసుల నోటీసు చూసి ఫోన్ ఆపేసి హైదరాబాద్ పారిపోదామనుకున్నాడు. సార్ నోటీసు చదివి, ఇది బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 35(3) నోటీసు, అంటే విచారణకు రమ్మని పిలిచేది, చెప్పిన రోజు హాజరైతే మామూలుగా అరెస్టు చేయరు, చేయాలంటే వాళ్లు కారణం రాయాలి, పారిపోతేనే ఆ కారణం నువ్వే చేతికిచ్చినట్టు అని చెప్పి, ఒక జూనియర్‌ను తోడిచ్చి స్టేషన్‌కు పంపారు. వాడు సాయంత్రానికి ఇంటికొచ్చాడు.

ఇక బాగాలేనివి. కోర్టు టైంలో ఫోన్ ఎత్తరు, అది అర్థం చేసుకోవచ్చు, కానీ సాయంత్రం తిరిగి చేస్తామని చాలాసార్లు చేయరు. జూనియర్లు మారిపోతుంటారు, కొత్తవాళ్లకు మన కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి, కొట్టిన సంగతులు పదే పదే చెప్పాలంటే చెల్లె ఏడ్చేది. దీన్ని వాళ్లు సీరియస్‌గా తీసుకోవాలి, ఫైల్‌లో రాసిపెట్టుకుంటే సరిపోయే పని. ఫీజుకు రసీదు ఇస్తారు కానీ టైపింగ్, జిరాక్స్ ఖర్చులకు ఇవ్వరు. వాయిదా తేదీ కోసం వాళ్ల మెసేజ్ మీద ఆధారపడకుండా ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే విడి నంబరు) కొట్టి మీరే చూసుకోండి, అది కూడా వాళ్లే నేర్పించారు.

ఫీజు తక్కువేం కాదు, అయితే ఒకేసారి అడగరు, పిటిషన్‌కు, విచారణకు వేర్వేరుగా ముందే కాగితం మీద రాసిస్తారు. డబ్బుకు ఇబ్బంది ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. ఈ మాట మాకు మొదటిరోజే మేడం చెప్పారు. తన ఫీజు పోతుందని తెలిసి కూడా చెప్పారు కాబట్టే మేం అక్కడే ఉండిపోయాం.

వెళ్లేటప్పుడు లగ్గం ఫోటోలు, లగ్నపత్రిక, ఇద్దరి ఆధార్, ఆస్పత్రి చీటీలు, వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, పెట్టిన బంగారానికి రసీదులుంటే అవీ పట్టుకెళ్లండి. పొద్దున పోతే అందరూ కోర్టులో ఉంటారు, సాయంత్రం ఐదు దాటాక వెళ్తే మేడం స్వయంగా దొరుకుతారు.