ఆగిపోయిన డిగ్రీని అమెరికాలో ముగించాలంటే ఏ దారి మేలు?

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో బ్యాక్‌లాగుల దగ్గర ఆగిపోయినవారు, పెళ్ళయ్యాక డిగ్రీ చివరి ఏడాదిని వదిలేసి భర్తతో పాటు విమానం ఎక్కినవారు, ఇంటర్ తరువాత ఏదో కోర్సు నేర్చుకుని ఐటీ ఉద్యోగంలో కుదురుకుని ఇప్పుడు పదోన్నతి వేళ డిగ్రీ లేదన్న మాట వింటున్నవారు డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ మనవాళ్ళలో తక్కువేమీ కాదు. మళ్ళీ మొదటి నుంచి నాలుగేళ్ళు చదవకుండా, ఇదివరకు పాసైన సబ్జెక్టులనూ ఉద్యోగంలో సంపాదించిన సర్టిఫికేషన్లనూ లెక్కలోకి తీసుకుని బ్యాచిలర్ డిగ్రీ ఇచ్చే విద్యాసంస్థలు అమెరికాలో ఉన్నాయి. వాటిలో సరైన గుర్తింపు ఉన్నవి, దశాబ్దాల చరిత్ర ఉన్నవి కూడా ఉన్నాయి. అయితే వాటి పద్ధతులు వేరు, ఒకరికి లాభించిన దారి మరొకరికి నష్టం కావచ్చు. ప్రధానంగా మూడు దారులున్నాయి: బయటి క్రెడిట్లను (పాసైన కోర్సులకు దక్కే పాయింట్లను) కూడగట్టి డిగ్రీ ఇచ్చే కళాశాలలు, తెలిసిన విషయాన్ని నిరూపించుకుంటే త్వరగా ముందుకు పంపే వెస్టర్న్ గవర్నర్స్ విశ్వవిద్యాలయం, దగ్గరలోని కమ్యూనిటీ కళాశాల (మొదటి రెండేళ్ళ చదువు చెప్పే స్థానిక కళాశాల) మీదుగా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వెళ్ళే పాత దారి.

పోల్చే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి మామూలుగా 120 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి కనుక, ఫోనులో సలహాదారును అందరూ అడిగే మొదటి ప్రశ్న "నావి ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారు?" అన్నదే. నా దృష్టిలో అది తప్పు ప్రశ్న. డిగ్రీ ప్రణాళికలో అందరూ చదవాల్సిన జనరల్ ఎడ్యుకేషన్‌కు, ప్రధాన విషయమైన మేజర్‌కు, మూడు, నాలుగు సంవత్సరాల ఎగువ స్థాయి కోర్సులకు, ఇష్టం వచ్చిన ఎలక్టివ్‌లకు వేరువేరు గడులుంటాయి. తీసుకున్న క్రెడిట్లన్నీ ఎలక్టివ్ గడిలో చేరి, అది నిండాక మిగిలినవి డిగ్రీకి ఏ విధంగానూ ఉపయోగపడకుండా ట్రాన్స్‌క్రిప్టులో (అధికారిక మార్కుల పట్టికలో) ఉండిపోవడం సర్వసాధారణం. 90 క్రెడిట్లు తీసుకుంటామన్న చోట ఇంకా 50 చదవాల్సి రావచ్చు, 70 మాత్రమే తీసుకున్న చోట ఆ 70 సరైన గడుల్లో పడి మరో 50తో పని ముగియవచ్చు. అందుకే డబ్బు కట్టక ముందే, ఏ సబ్జెక్టు ఏ గడిలో పడిందో రాతపూర్వకంగా చూపించే మదింపును అడిగి తీసుకోవాలి.

మన కాగితాల విషయంలో దీనికి ముందు మరో మెట్టు ఉంది. ఉస్మానియా, ఆంధ్ర, జేఎన్‌టీయూ వంటి విశ్వవిద్యాలయాల మార్కుల మెమోలను చాలా అమెరికన్ కళాశాలలు స్వయంగా చదవవు. డబ్ల్యూఈఎస్, ఈసీఈ వంటి మదింపు సంస్థ ఒక్కో సబ్జెక్టుకు క్రెడిట్లు, గ్రేడు కట్టి ఇచ్చిన నివేదిక కావాలంటాయి. ఇంట్లో మెమోలు భద్రంగా ఉన్నంత మాత్రాన చాలదు, ట్రాన్స్‌క్రిప్టు విశ్వవిద్యాలయం నుంచే వెళ్ళాలి. డిగ్రీ పూర్తికానివారికి ఈ మెట్టు దగ్గరే నెలలు గడిచిపోతాయి కనుక, కళాశాలను ఎంచుకోవడం కన్నా ముందే ఈ పని మొదలుపెట్టడం మంచిది. బ్యాక్‌లాగులు ఉన్నాయని సిగ్గుపడి పాసైన సబ్జెక్టులను కూడా దాచేవారున్నారు. అది అనవసరం, ఎందుకంటే ఫెయిలైన సబ్జెక్టుకు క్రెడిట్ రాదు గానీ పాసైన సబ్జెక్టు క్రెడిట్‌ను అది తినేయదు.

ఇక మొదటి దారి. న్యూజెర్సీ ప్రభుత్వ సంస్థ అయిన థామస్ ఎడిసన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1972లో, కనెక్టికట్ ప్రభుత్వ సంస్థ అయిన చార్టర్ ఓక్ స్టేట్ కళాశాల 1973లో ఏర్పడ్డాయి. ఎక్సెల్సియర్ విశ్వవిద్యాలయం 1971లో న్యూయార్క్ రాష్ట్ర రీజెంట్స్ బోర్డు ఆరంభించిన కార్యక్రమంగా మొదలైంది. ఉద్యోగాలు చేసుకుంటూ, ఊళ్ళు మారుతూ, పలుచోట్ల ముక్కలుముక్కలుగా చదివిన పెద్దవాళ్ళ కోసమే ఈ మూడూ పుట్టాయి. సాధారణ విశ్వవిద్యాలయం కనీసం 30 క్రెడిట్లు తమ దగ్గరే చదవాలంటుంటే, ఎక్సెల్సియర్ 113 క్రెడిట్ల దాకా బయటివి తీసుకుంటుంది, చార్టర్ ఓక్ కనీసంగా తన సొంత కోర్సులు రెండు చదివిస్తుంది. మిగిలిన ఖాళీలను పరీక్షలతో నింపుకోవచ్చు. కాలేజ్ బోర్డు నిర్వహించే క్లెప్ పరీక్షలు 34 ఉన్నాయి. ఒక్కోదానికి రుసుము సుమారు 100 డాలర్లు, 80కి 50 వస్తే క్రెడిట్ ఇవ్వవచ్చని సిఫారసు. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ వారి ఉచిత కోర్సు పూర్తి చేసినవారికి ఆ రుసుము కూడా ఆ సంస్థే భరిస్తుంది. ఇంటర్ ఎంపీసీ బాగా చదివినవారికి క్లెప్ కాలేజ్ ఆల్జీబ్రా, ప్రీకాల్కులస్ పరీక్షలు వారాల పనే. అమెరికాలోని భాషా బోధకుల సంఘం ఏసీటీఎఫ్‌ఎల్ మౌఖిక భాషా పరీక్ష తెలుగులోనూ ఉంది కనుక, కళాశాల ఒప్పుకుంటే మాతృభాష మాట్లాడి కూడా కొన్ని క్రెడిట్లు సంపాదించవచ్చన్నది మనవాళ్ళలో చాలామంది గమనించని సంగతి.

ఈ దారిలో ఇబ్బంది ఎగువ స్థాయి కోర్సుల దగ్గర వస్తుంది. నెల చందాతో నడిచే సోఫియా వంటి ఆన్‌లైన్ కోర్సుల వేదికల్లో చవకగా దొరికే కోర్సుల్లో అధికం మొదటి రెండేళ్ళ స్థాయివి, క్లెప్ కూడా అంతే. మూడు, నాలుగు సంవత్సరాల స్థాయి క్రెడిట్లు చవకగా దొరికే చోట్లు తక్కువ కనుక, 80, 90 క్రెడిట్ల దాకా హాయిగా సాగిన ప్రయాణం ఆ తరువాత నెమ్మదిస్తుంది, ఖర్చూ పెరుగుతుంది. ప్రణాళికను ఎవరికి వారే వేసుకోవాలి, ఒక్క కోర్సు తప్పుగా ఎంచుకున్నా శ్రమ వృథా. ఓపికగా నియమావళి చదివి పట్టిక గీసుకునే స్వభావం లేనివారికి ఈ దారిని నేను సూచించను.

సర్టిఫికేషన్ల సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆశలు ఎక్కువగా పెట్టుకుని నిరాశపడేది వాటి దగ్గరే. కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్ వంటి పరీక్షలను, గూగుల్ ఐటీ సపోర్ట్ వంటి కోర్సులను అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ పరిశీలించి, ఇన్ని క్రెడిట్లు ఇవ్వవచ్చని చెబుతుంది. అది సిఫారసు మాత్రమే, ఇవ్వడమూ మానడమూ కళాశాల ఇష్టం. ఆ క్రెడిట్లు చాలావరకు దిగువ స్థాయివి కనుక, బిజినెస్ డిగ్రీ చేయదలచినవారికి ఐటీ సర్టిఫికేషన్ ఎలక్టివ్ గడిని నింపడం తప్ప పెద్దగా చేయదు. అదే సర్టిఫికేషన్ ఐటీ డిగ్రీలో మేజర్ కోర్సు స్థానాన్నే తీసుకోగలదు. కాంప్‌టియా పరీక్షల చెల్లుబాటు మూడేళ్ళు, గడువు తీరినదాన్ని లెక్కించాలా వద్దా అన్నది ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది. క్రెడిట్ కోసమే కొత్తగా సర్టిఫికేషన్ పరీక్ష రాయడం నాకు దండగగానే కనిపిస్తుంది. ఉద్యోగానికి పనికివస్తుందని రాసినది క్రెడిట్‌గా కూడా పనికివస్తే అది అదనపు లాభం.

సర్టిఫికేషన్లకు అసలైన విలువ దక్కేది రెండో దారిలో. అమెరికా పశ్చిమ రాష్ట్రాల గవర్నర్లు 19 మంది కలిసి 1997లో స్థాపించిన వెస్టర్న్ గవర్నర్స్ విశ్వవిద్యాలయం పూర్తిగా ఆన్‌లైన్‌లో నడుస్తుంది. ఇక్కడ ఫీజు క్రెడిట్‌కు ఇంత అని కాదు, ఆరు నెలల టర్ముకు ఇంత అని ఉంటుంది. ఐటీ కోర్సులకు అది సుమారు 4,000 డాలర్లు. ఆ ఆరు నెలల్లో నాలుగు కోర్సులు ముగించినా పద్నాలుగు ముగించినా ఫీజు మారదు. బయటి క్రెడిట్లను డిగ్రీలో 75 శాతం దాకా తీసుకుంటారు. చాలా ఐటీ డిగ్రీల్లో కాంప్‌టియా వంటి పరీక్షలే కోర్సు తుది పరీక్షలు కనుక, అవి ఇటీవలే పాసైనవారికి ఆ కోర్సులు నేరుగా తీరిపోతాయి. పదేళ్ళుగా నెట్‌వర్కులు నడుపుతున్న మనిషికి నెట్‌వర్కింగ్ మౌలికాంశాలను పదహారు వారాలు కూర్చోబెట్టి చెప్పడంలో అర్థం లేదన్న ఆలోచన మీదే ఈ విధానం నిలబడింది, ఆ మనిషికి ఇది న్యాయమైన విధానమే.

ఆ విషయం కొత్తగా నేర్చుకోవలసినవారి పరిస్థితి వేరు. ఉపన్యాసాలు, వారంవారం గడువులు, తోటి విద్యార్థులు లేకపోవడం వల్ల టర్ములు పెరిగిపోతాయి, టర్ములు పెరిగితే చవకదనం పోతుంది. ఈ పద్ధతిలో అధ్యాపకులతో తగినంత సంబంధం లేదంటూ 2017లో అమెరికా విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆడిట్ నివేదిక, ఆ విశ్వవిద్యాలయం 71 కోట్ల డాలర్లకు పైగా సమాఖ్య సహాయాన్ని తిరిగి ఇవ్వాలని సిఫారసు చేసింది. 2019లో విద్యాశాఖ ఆ సిఫారసును తోసిపుచ్చింది కనుక డిగ్రీ చెల్లుబాటుపై అనుమానం అక్కరలేదు, కానీ ఆ ఆడిట్ ఎత్తిచూపిన ఒంటరితనం మాత్రం నిజమే. మరో పరిమితి గ్రేడ్లది. ట్రాన్స్‌క్రిప్టులో పాస్ అనే ఉంటుంది, దాన్ని నాలుగు పాయింట్ల జీపీఏ కొలతలో 3.0కు సమానంగా భావిస్తారు. ఆ తరువాత పేరున్న చోట మాస్టర్స్ చేయాలనుకునే ప్రతిభావంతులకు, తమ 3.8 సామర్థ్యం కాగితం మీద కనిపించకపోవడం చిన్న నష్టం కాదు.

మూడో దారిలో కొత్తదనం లేదు, అందుకే దాన్ని చాలామంది చూడకుండానే దాటేస్తారు. కమ్యూనిటీ కళాశాలలో మొదటి రెండేళ్ళ లోటును తీర్చుకుని, అదే రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో మిగతాది ముగిస్తే, రెండింటికీ ముందే కుదిరిన బదిలీ ఒప్పందాల వల్ల క్రెడిట్లు ఏ గడిలో పడతాయన్న గందరగోళం తగ్గుతుంది. పట్టేది రెండు మూడేళ్ళు, సాయంత్రాలు పోతాయి. బదులుగా గ్రేడ్లు, ప్రయోగశాలలు, సిఫారసు లేఖ రాయగల అధ్యాపకులు దొరుకుతారు. నర్సింగ్, బడిలో బోధన వంటి లైసెన్సు కావలసిన వృత్తుల్లోకి వెళ్ళదలచినవారు ముందుగా తమ రాష్ట్ర బోర్డు నియమాలు చూడాలి, ఆ నియమాలు చాలాసార్లు ఈ దారికే తీసుకొస్తాయి. గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం ఉండి ఆదాయం తక్కువైతే తిరిగి కట్టనవసరం లేని సమాఖ్య సహాయమైన పెల్ గ్రాంటు రావచ్చు. 2024–25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు, అది చాలా కమ్యూనిటీ కళాశాలల ఫీజుకు సరిపోతుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసాలవారికి, వారి జీవిత భాగస్వాములకు ఇచ్చే హెచ్-4 వీసాలవారికి సమాఖ్య సహాయం లేదు. ఉద్యోగం ఉన్నవారు యజమానిని అడగాలి, చదువుకు ఏడాదికి 5,250 డాలర్ల దాకా యజమాని ఇచ్చే సాయంపై పన్ను పడదు.

నన్ను తేల్చి చెప్పమంటే ఇలా చెబుతాను. ఐటీలో ఐదారేళ్ళ అనుభవం, ఇటీవలి సర్టిఫికేషన్లు, సొంతంగా చదివే అలవాటు ఉన్నవారికి వెస్టర్న్ గవర్నర్స్ మేలు. బీటెక్ మూడేళ్ళు చదివి ఎక్కువ సబ్జెక్టులు పాసైనవారికి, ఇప్పుడు ఏ రంగంలో డిగ్రీ వచ్చినా ఫరవాలేదనుకునేవారికి ఎక్సెల్సియర్, థామస్ ఎడిసన్, చార్టర్ ఓక్ మూడింటి నుంచీ మదింపు తెప్పించుకుని, ఎగువ స్థాయి లోటు తక్కువ చూపిన దాన్ని పట్టుకోవడం మేలు. రంగం మార్చుకుంటున్నవారికి, ఇంటి నుంచి బయటికి వచ్చి నలుగురితో పరిచయాలు కూడా కావాలనుకునే హెచ్-4 గృహిణులకు మూడో దారే మేలు, అది నెమ్మదైనా సరే. ఎఫ్-1 విద్యార్థులకు మాత్రం ఆన్‌లైన్ దారులు పనికిరావు, వారి టర్ము లెక్కలో ఒక్క ఆన్‌లైన్ కోర్సుకే చోటుంది. 2011లో వీసా మోసం బయటపడ్డ ట్రై-వ్యాలీ, 2019లో అమెరికా అధికారులే ఉచ్చుగా నడిపిన నకిలీ ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాల వ్యవహారాల్లో ఎక్కువగా చిక్కుకున్నది మన పిల్లలే కనుక, క్లాసులకు వెళ్ళకుండా వీసా హోదా నిలబెడతామన్న మాట ఎవరు చెప్పినా నమ్మకూడదు.

స్వదేశంలోనే ముగించవచ్చు కదా అనేవారికి సమాధానం క్లుప్తమే. జేఎన్‌టీయూ నాలుగేళ్ళ బీటెక్‌ను ఎనిమిదేళ్ళలో ముగించకపోతే సీటు పోతుంది, అప్పుడప్పుడూ ఇచ్చే ప్రత్యేక అవకాశాన్ని నమ్ముకుని కూర్చోలేము. విద్యార్థుల క్రెడిట్లను దాచిపెట్టేందుకు భారత్‌లో 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో క్రెడిట్ల ఆయుష్షు గరిష్ఠంగా ఏడేళ్ళు, పాత మెమోలకు అది పెద్దగా అక్కరకు రాదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో ఇగ్నోలోనో కొత్తగా చేరడమంటే మొదటి నుంచి మూడేళ్ళు చదవడమే.

గ్రీన్ కార్డు ఆలోచన ఉన్నవారికి లెక్క మారుతుంది. హెచ్-1బీకి మూడేళ్ళ అనుభవాన్ని ఒక ఏడాది చదువుతో సమానంగా చూపవచ్చు. ఉన్నత చదువు ఉన్నవారికి గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-2 వర్గంలో ఆ వెసులుబాటు లేదు, అక్కడ మాస్టర్స్ గానీ, ఒకే సంస్థ ఇచ్చిన పూర్తి స్థాయి బ్యాచిలర్ డిగ్రీ మీద ఐదేళ్ళ అనుభవం గానీ కావాలి. మన మూడేళ్ళ డిగ్రీ అమెరికన్ బ్యాచిలర్‌కు సమానం కాదని 1977లోనే మ్యాటర్ ఆఫ్ షా అనే నిర్ణయం వచ్చింది. పైగా ఆ ఐదేళ్ళూ డిగ్రీ చేతికి వచ్చిన తరువాతవే అయి ఉండాలి, దరఖాస్తు చేసే యజమాని దగ్గర అదే పనిలో గడిపిన కాలం సాధారణంగా లెక్కకు రాదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవారికైనా పట్టా మీది తేదీ నుంచే గడియారం మొదలవుతుంది కనుక, ఇలాంటివారు లాయరుతో మాట్లాడి, మూడో దారిలోని సుగుణాలన్నీ పక్కన పెట్టి, మొదటి రెండింటిలో తమకు ఏది ముందుగా ముగుస్తుందో దాన్నే ఎంచుకోవాలి.